‘పుష్’ అంటే నూకడమేనా?

‘పుష్’ అన్న ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పమంటే కర్నూలులోనైనా కడపలోనైనా బడిపిల్లలు టక్కున ‘నెట్టుట’ అంటారు. గైడులో ఉన్నది అదే. ఆ పిల్లలే బడి బయట స్టార్ట్ కాని బైకును నెట్టరు, నూకుతారు. బస్సు దగ్గర ఎవరైనా మీద పడితే ‘దొబ్బొద్దప్పా’ అంటారు. ఇంటికి పోతే కాలింగ్ బెల్ ఒత్తుతారు. వాళ్లమ్మ పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తుంది. ఊరికి పోయేటప్పుడు సంచిలో బట్టలు కుక్కుతుంది. ఇంగ్లీషులో ఈ పనులన్నిటికీ ‘పుష్’ సరిపోతుంది. తెలుగులో వీటిలో ఏ రెండింటిని తారుమారు చేసినా వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది. బెల్లును ఎవరూ నూకరు, బైకును ఎవరూ ఒత్తరు.

దీనికి కారణం తెలుగులో మాటలు ఎక్కువుండడం ఒక్కటే కాదు. రెండు భాషలూ ఒకే పనిని రెండు వైపుల నుంచి చూస్తాయి. పుష్ అన్న క్రియ చెప్పేది బలం ఎటు పోతోందన్న సంగతి: చేసేవాడి నుంచి అవతలికి. అవతలి వస్తువు ఏమైందో ఆ క్రియ చెప్పదు. ఇన్, ఔట్, ఓవర్, డౌన్ లాంటి చిన్న మాటలు వెనక చేరి ఆ పని చేస్తాయి. తెలుగు క్రియ మాత్రం ఎక్కువగా వస్తువు వైపు నిలబడి చూస్తుంది. అది జరిగిందా, అణిగిందా, లోపలికి దూరిందా, కింద పడిందా, బయటికి పోయిందా? జవాబును బట్టి క్రియ మారిపోతుంది. ఈ తేడా పట్టుకోకుండా పర్యాయపదాల పట్టిక ఎంత బట్టీపట్టినా అనువాదం కుదరదు.

సైన్సు పుస్తకం వరకు గొడవ లేదు. తోయడం గానీ లాగడం గానీ బలమే అని హైస్కూల్లో చెబుతారు. ఒక కిలో ద్రవ్యరాశికి సెకనుకు సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం పెంచే బలం 1 న్యూటన్. ఆ లెక్కలో చెయ్యి తోసినా, కాలు తొక్కినా, కొమ్ము కుమ్మినా ఒకటే. భౌతికశాస్త్రానికి ఎంత బలం, ఏ దిశ అన్నవి చాలు. మనుషుల మాటకు అవి చాలవు.

ఆదోని మార్కెట్ యార్డు ముందర పత్తి లోడుతో ఆగిన టెంపోను తీసుకోండి. సెల్ఫ్ పట్టడం లేదు. డ్రైవరు తాళం తిప్పి, సెకండ్ గేరులో పెట్టి, క్లచ్ తొక్కిపట్టి కూర్చుంటాడు. నలుగురు వెనక భుజాలు ఆనిస్తారు. మొదట బండి చలించదు. ఆగి ఉన్నదాన్ని కదిలించడానికి కావలసిన బలం, కదిలాక అట్లే పోనివ్వడానికి కావలసిన దానికన్నా ఎక్కువ. అందుకే తలా ఒకసారి నూకితే లాభం ఉండదు, నలుగురి బలం ఒక్క క్షణంలో పడాలి. చక్రం కొంచెం తిరగ్గానే ‘ఆ, వస్తాంది, ఇంగ రోంత నూకండప్పా’ అన్న కేక వినిపిస్తుంది. బండి కాస్త వేగం అందుకున్నాక డ్రైవరు క్లచ్ వదులుతాడు. చక్రాలు ఇంజన్‌ను తిప్పుతాయి, బండి దగ్గి స్టార్ట్ అవుతుంది. ఇంగ్లీషులో ఈ తతంగానికంతా పుష్ స్టార్ట్ అని ఒక పేరు. తెలుగులో ఆనించడం వేరు, నూకడం వేరు, తొక్కడం వేరు. బలం పడుతున్నా వస్తువు కదలని స్థితికి కూడా ‘ఆనించడం’ అని ఒక మాట ఉంది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే కనిపిస్తుంది. ‘తోశాడు’ అంటే ప్రయత్నం చేశాడని, కదిలిందో లేదో తెలియదు. ‘తోసేశాడు’ అంటే పని అయిపోయింది. ‘పడదోశాడు’ అంటే కింద పడింది. ‘ఎగదోశాడు’ అంటే పైకో ముందుకో పోయింది. ఇట్లా ‘పడ’, ‘ఎగ’ అని ఫలితాన్ని క్రియకు ముందే తగిలించడం తెలుగుకు అలవాటు. ఇంగ్లీషు చిన్న మాటను వెనక పెట్టి చెప్పేదాన్ని తెలుగు ముందే చెప్పేస్తుంది.

పుష్ పుట్టుక చూస్తే లాటిన్ దాకా పోతుంది. కొట్టడం, తోయడం అనే అర్థమున్న ‘పుల్సారే’ అన్న లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. డాక్టరు చెయ్యి పట్టుకొని చూసే పల్స్ కూడా ఆ కుటుంబానిదే. పడవను ముందుకు తోసే ప్రొపెల్లర్, దోమలను దూరంగా తరిమే రిపెల్లెంట్ దీనికి దాయాదులే. సంస్కృతంలోనూ ఇలాంటి కుటుంబం ఒకటుంది. ‘నుద్’ అంటే తోయడం. విసుగును అవతలికి తోసేది కాబట్టి వినోదం. కదిలించడం, ముందుకు పంపడం అన్న అర్థమున్న ‘ఈర్’ అనే ఇంకో ధాతువు నుంచి ప్రేరణ వచ్చింది. సైన్సు పుస్తకంలో ప్రెజర్‌కు వాడే ‘పీడనం’, ఇంట్లో వాడే ‘పీడ’ ఒక ధాతువు బిడ్డలే. నొక్కడమే బాధగా మారింది. జనం మాత్రం పీడనం అనరు. ఒత్తిడి అంటారు, అంతకన్నా ఎక్కువగా టెన్షన్ అంటారు.

పుష్‌కు ఇంగ్లీషులో చెప్పుకునే పర్యాయపదాల్లో షవ్ మొరటుది, దానికి ‘గెంటు’ దగ్గర. గెంటడంలో ఎదుటివాడు గడప దాటి బయట పడాలి, పరువు కూడా పోవాలి. థ్రస్ట్ అంటే ఒక్క ఊపున లోపలికి పోవడం, అందుకే కత్తయితే ‘పొడవడం’, చెయ్యయితే ‘దూర్చడం’. నడ్జ్ అంటే పక్కవాణ్ని మోచేత్తో చిన్నగా పొడవడం. ప్రాడ్‌కు ఎద్దుల బండి తోలినవాళ్ల దగ్గర సరైన మాట ఉంది: ముల్లుగర్రతో పొడిస్తే పొడవడం, నోటితోనే పని జరిగితే ‘అదిలించడం’. గర్ర తగలకుండా గొంతుతోనే ముందుకు కదిలించడానికి ఇంత చిన్న మాట ఇంగ్లీషులో వెతికినా దొరకడం కష్టం.

ప్రెస్ దగ్గరికి వస్తే విషయం ఇంకా చిక్కనవుతుంది. నొక్కు, ఒత్తు, అదుము, పిండు, తొక్కు, కుక్కు అన్నీ దాని కిందికే వస్తాయి. మురుకుల గొట్టంలో పిండి పెట్టి ఒత్తుతారు, పిండికి రూపం వస్తుంది. చపాతీ ఒత్తుతారు, పలచబడుతుంది. కాళ్లు ఒత్తుతారు, నొప్పి తగ్గుతుంది. మూడింటిలోనూ మెత్తదనం ఉంది. ‘నొక్కు’లో అంత మెత్తదనం లేదు, గొంతు నొక్కడం కూడా అందులోదే. ‘అదుము’ అంటే నొక్కి వదలకుండా పట్టుకోవడం. పత్తిని బోరెంలో, అంటే పెద్ద గోనెసంచిలో, కాళ్లతో తొక్కి కుక్కుతారు. ఆ పత్తే ప్రెస్సింగ్ మిల్లుకు పోతే యంత్రం దాన్ని 170 కిలోల బేలుగా బిగిస్తుంది.

ఈ తేడాలు పండితుల ముచ్చట మాత్రమే అనుకోవడానికి లేదు. గుండె ఆగి కుప్పకూలిన మనిషికి చేసే సీపీఆర్‌లో మొదటి పాఠం ఇంగ్లీషులో ‘పుష్ హార్డ్, పుష్ ఫాస్ట్’. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. దీన్ని ‘తోయండి’ అని చెబితే వెల్లకిలా పడుకున్న మనిషిని ఎటు తోయాలో అర్థం కాదు. ‘ఒత్తండి’ అంటే కాళ్లు ఒత్తినట్టు మెల్లగా ఒత్తుతారు, ప్రాణం నిలవదు. ‘అదమండి’ అంటే పట్టుకొని వదలరు. ప్రతిసారీ ఛాతీ మళ్లీ పైకి లేవనివ్వడం నొక్కడమంత ముఖ్యం. కాబట్టి చెప్పాల్సింది ‘గట్టిగా నొక్కి వదలండి, నొక్కి వదలండి’ అని. అదే నెత్తురు కారుతున్న గాయమైతే ‘శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టండి’ అనాలి, అక్కడ వదలకూడదు. ఒక్క క్రియలో ఎంత పనుందో ఈ రెండు చోట్లా తెలుస్తుంది.

కాన్పు గది ఇంకా గట్టి ఉదాహరణ. అనంతపురం వైపు నుంచి కాన్పుకు బెంగళూరు పోయినవాళ్లకు అక్కడ వినబడేది ‘పుష్, పుష్’ అన్న మాట. ఇంగ్లీషు రాని తల్లికి ఎవరైనా దాన్ని ‘తోయమ్మా’ అని మార్చి చెబితే ఆమె దేన్ని తోయాలి? చేతులా, కాళ్లా, మంచమా? మన ఊళ్లలో పాతకాలం మంత్రసానులైనా, ఇప్పటి నర్సులైనా ఆ మాట అనరు. ‘ముక్కమ్మా’ అంటారు. ‘నొప్పి వచ్చినప్పుడే ముక్కాల, అంతదాకా ఊపిరి తీసుకో.’ ముక్కడం అంటే ఊపిరి బిగబట్టి కడుపులోంచి కిందికి బలం పెట్టడం. చెయ్యి, కాలు ఏదీ అక్కర్లేని ఆ బలానికి తెలుగులో ఇంత కచ్చితమైన మాట ఉంది. ఎప్పుడు ముక్కాలి అన్నది కూడా ముఖ్యమే. గర్భాశయ ముఖద్వారం 10 సెంటీమీటర్లు, అంటే పూర్తిగా తెరుచుకోక ముందు ముక్కితే తల్లి అలసిపోతుంది. బిడ్డ తల బయటికి వచ్చే ఘడియలో మళ్లీ ‘ముక్కొద్దు, నోటితో ఊపిరి వదులు’ అంటారు, చీలికలు పడకుండా. మందుల చీటీలూ ఆస్పత్రి కరపత్రాలూ తెలుగు చేసేవాళ్లు ఈ మాటను మొరటుదనుకొని పక్కన పెట్టడం తప్పు. నొప్పుల్లో ఉన్న మనిషికి వెంటనే అర్థమయ్యేది ఆ మాటే.

బండల పని జరిగే చోట ఇంకొక మాట ఉంది. కడప బండ అంటే దేశమంతా తెలుసు, వంటింటి గట్టు మీద నల్లగా మెరిసే రాయి. ఎర్రగుంట్ల వైపు గనుల్లోనూ, తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కలా ఈ సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరను లేపేటప్పుడు మనిషి దాన్ని తోయడు, లాగడు కూడా. గడ్డపార మొన సందులోకి దూరుస్తాడు, దాని కింద చిన్న రాయి ఎత్తు పెడతాడు, రెండో కొసమీద బరువంతా వేస్తాడు. బండ అంచు వేళ్లు పట్టేంత లేస్తుంది. దీన్ని ‘మీటడం’ అంటారు. చేతి బలం కిందికి పోతే రాయి పైకి వస్తుంది. గడ్డపార పొడవులో ఆసరా రాయి బండకు ఎంత దగ్గరుంటే అంత తక్కువ బలంతో పనవుతుంది, కాకపోతే అంచు లేచే ఎత్తు తగ్గుతుంది. వీణ తీగను మీటడానికీ ఇదే క్రియ. దాని నుంచే వచ్చిన ‘మీట’ను పత్రికలవాళ్లు బటన్‌కూ స్విచ్‌కూ పెట్టుకున్నారు. ‘మంత్రి మీట నొక్కి ప్రారంభించారు’ అని రాస్తారు. కిందికి నొక్కితే ఇంకెక్కడో ఏదో కదులుతుంది కాబట్టి పేరు బాగా కుదిరింది.

ఇక సీమ మాటల సంగతి. నూకు, దొబ్బు అన్నవి ఇక్కడ పుష్‌కు అసలైన మాటలు. తలుపు దొబ్బుతారు, బండి నూకుతారు. కోస్తా జిల్లాల్లో ‘దొబ్బు’ అంటే బూతు కింద లెక్క. అందుకే ఇక్కడి పిల్లవాడు విజయవాడలో హాస్టలుకు పోయి మామూలుగా ఆ మాట అంటే చుట్టూ నవ్వుతారు, వాడు నోరు మూసుకుంటాడు. నిజానికి ఈ మాటలకు సరిహద్దు అవతల గట్టి తోడుంది. కన్నడంలో తోయడాన్ని ‘నూకు’ అనే అంటారు, ‘దబ్బు’ అనీ అంటారు. జనం ఒకరినొకరు తోసుకోవడాన్ని ‘నూకునుగ్గలు’ అంటారు. బళ్లారికీ ఆదోనికీ మధ్య, పావగడకూ మడకశిరకూ మధ్య మనుషులు తిరిగినంత కాలంగా ఈ మాటలూ తిరుగుతున్నాయి. ఇవి చెడిపోయిన తెలుగు కాదు, పాత ద్రావిడ సొత్తు.

1820లో ఉద్యోగానికి కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే తెలుగులో పడిపోయాడు. పండితులను కూర్చోబెట్టుకొని తాళపత్రాలు వెతికించి రాయించాడు. 1852లో అచ్చయిన ఆయన నిఘంటువులో పుస్తకాల మాటలతో పాటు జనం నోటి మాటలకూ చోటిచ్చాడు. ఆయన పేరుతో కడపలో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఆ ఊరి బడిలోనే ‘నూకు’ అని రాసిన పిల్లవాడికి ఎర్ర సిరాతో గీత పడితే అది అన్యాయం.

గుంపుల విషయంలో తెలుగు రెండు మాటలను వేరుగా ఉంచింది. తోసుకుంటే తోపులాట, కాళ్ల కింద పడితే తొక్కిసలాట. పత్రికలు రెండో మాటనే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. కానీ ఇలాంటి ప్రమాదాల్లో చాలామంది కాళ్ల కింద నలిగి కాదు, నిలబడి ఉండగానే నాలుగు వైపుల ఒత్తిడికి ఛాతీ ఆడక, ఊపిరి అందక పోతారు. వెనకవాళ్లు కొద్దికొద్దిగా తోసిన బలమంతా కలిసి ముందున్నవాళ్ల మీద పడుతుంది. కదిరి తేరైనా, దేవరగట్టు బన్ని ఉత్సవమైనా, కడప పెద్ద దర్గా ఉరుసైనా జనం లక్షల్లో చేరే చోట్లు. అక్కడ మైకులో ‘తొక్కుకోవద్దు’ అనడం కన్నా ‘వెనకవాళ్లు ఆగండి, ముందువాళ్ల మీదికి ఒరగొద్దు’ అనడం ఎక్కువ పనికొస్తుంది.

కంటికి కనబడని బలాల దగ్గర తెలుగు దారి ఇంకా మారిపోతుంది. నీళ్ల కోసం ఒక ఊరు ప్రభుత్వాన్ని పుష్ చేస్తోందని ఇంగ్లీషు రాస్తే, తెలుగులో ఆ ఊరు ‘పట్టుబట్టింది’. అక్కడ తోయడం, ఇక్కడ పట్టుకోవడం. పురుగుమందుల డీలరు ఒక మందును పుష్ చేస్తే, రైతు భాషలో అది ‘అంటగట్టడం’. పత్తిలో గులాబీ పురుగుకు మందు కావాలని పోయినవాడికి అక్కర్లేని ఇంకో రెండు డబ్బాలు కలిపి ఇస్తే ఆ మాటే వస్తుంది, అందులో రైతు కోపం కూడా ఉంది. ‘ప్రమోట్ చేయడం’ అని రాస్తే ఆ కోపం మాయమవుతుంది. తప్పును ఇంకొకడి మీదికి ‘తోసేస్తారు’. గొడవకు ‘ఎగదోస్తారు’, పొయ్యిలో కట్టె ఎగదోసినట్టే. సంసారం మాత్రం ‘నెట్టుకొస్తారు’. మొరాయించే బండిని తోసుకుంటూ ఇల్లు చేర్చినట్టు ఆ మాటలో అలుపూ ఉంది, ఆపలేదన్న పట్టుదలా ఉంది.

వలసల గురించి రాసేవాళ్లు పుష్ కారణాలు, పుల్ కారణాలు అంటారు. ఊరు తోసేవి కొన్ని, పట్నం లాగేవి కొన్ని. అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. బుడ్డల (వేరుశనగ) పంట పోయి అప్పు మిగిలితే అది తోసే కారణమే. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు, ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు మిరప చేలకు పోయేవాళ్లు మాత్రం తమను ఏదో తోసిందని చెప్పరు. ‘సుగ్గికి పోతాండాం’ అంటారు. సుగ్గి అంటే కోతల కాలం, కూలి దొరికే కాలం. పుస్తకం మనిషిని తోయబడిన వస్తువుగా చూపిస్తుంది, ఆ మనిషి తాను పనికి నడిచి పోతున్నానని చెబుతాడు. నివేదికలు తెలుగులో రాసేటప్పుడు ‘వికర్షక కారకాలు’ అని రాసి వదిలేస్తే చదివినవాడికి ఏమీ అందదు. ‘ఊళ్లో నిలవనియ్యని కారణాలు’ అంటే అందుతుంది.

తేదీల విషయంలో పుష్ చేస్తే వెనక్కి పోయిందా ముందుకు వచ్చిందా అని ఆఫీసుల్లో రోజూ గందరగోళమే. ‘వాయిదా పడింది’ అంటే ఆ అనుమానం ఉండదు.

చివరగా బోర్డులు. బ్యాంకు తలుపు మీద ‘తోయండి’ సరిపోతుంది. మోటారు స్టార్టరు మీద ‘ఒత్తండి’ అని రాస్తే సీమ రైతుకు పుస్తకం తెలుగు కన్నా దగ్గరగా ఉంటుంది. సినిమా హాళ్లలో, పెద్ద ఆస్పత్రుల్లో అత్యవసర తలుపుకు అడ్డంగా ఒక కడ్డీ ఉండి, దాని మీద ఎర్ర అక్షరాలతో పుష్ అని ఉంటుంది. దాన్ని ‘తోయండి’ అని ఒక్క ముక్కలో తెలుగు చేస్తే పొగలో ఉన్న మనిషి కడ్డీని వదిలి తలుపు రెక్కను తోస్తాడు, గడియ ఊడదు. అక్కడ రాయాల్సింది ‘కడ్డీని నొక్కి, తలుపు బయటికి తోయండి’ అని.